పెద్దావిడకు పట్టిన నల్లి

“సోమరి కూడా పోయిందని మీ మామయ్యగారితో చెప్పు,” అంది వదిన.

మీ మామయ్యగారంటే వదినకి కన్నతండ్రే. ఆ మాట అన్నప్పుడు ఆయన తనకి రెండడుగుల దూరంలో, అదే బల్ల దగ్గర కూర్చుని రొట్టెముక్క టీలో ముంచుకుంటున్నారు.

“విన్నానని చెప్పు తల్లీ,” అన్నారు నాతో.

ముంచిన ముక్క తెగి కప్పులో పడిపోయింది. చెంచా పక్కనే ఉన్నా ఆయన తీసుకోలేదు.

నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఉన్నాను. తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలన్నీ నా మీదుగానే నడుస్తున్నాయి. చిట్టి చచ్చిపోయిన రోజు మామయ్యగారు ఒకే ప్రశ్న అడిగారు. “వంటింట్లో చీమల మందు కొట్టింది నువ్వేనా?” వదిన ఒకే జవాబు చెప్పింది. “నేనే.” అంతే. ఆ తర్వాత ఒకరికొకరు ఉప్పు అందించుకోవాలన్నా నేనే దిక్కు.

“ఎప్పుడు చూశావు వదినా?” అన్నాను.

“పొద్దున కర్టెన్ తీస్తుంటే. కాళ్ళన్నీ కడుపు కిందకి ముడుచుకుని పడి ఉంది. అచ్చం చిట్టిలాగే.” అంతలోనే గొంతు పెంచి, “నేను పెట్టె దగ్గరికి కూడా వెళ్ళలేదని చెప్పు. మళ్ళీ నేనేదో చేశానంటారు,” అంది.

“చేసేది తొమ్మిది రోజుల కిందటే చేసేసిందని చెప్పు తల్లీ.”

“నాన్నా!” అన్నాడు మా ఆయన, గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ. “ఒక సాలీడు పోతే—”

“ఒకటి కాదు, రెండు,” అన్నారు తండ్రీ కూతురూ ఒకేసారి. ఒకరి ముఖం ఒకరు చూసుకోబోయి, మానేశారు.

చిట్టీ, సోమరీ మనుషులు కారు. మామయ్యగారి గదిలో గాజుపెట్టెల్లో పెరిగిన టరాంటులా సాలీళ్ళు. ఒళ్ళంతా నూగుతో అరచెయ్యంత ఉంటాయి. పెళ్ళికి ముందు మా ఆయన నాకు చెప్పిన మొదటి రహస్యం అదే. “మా ఇంట్లో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఒక్కొక్కరికీ ఎనిమిదేసి కాళ్ళు,” అన్నాడు. నేను పారిపోతానని భయపడ్డాడట. నేనేమో ఎప్పుడు చూపిస్తావని వెంటపడ్డాను.

ఆ ముగ్గురిలో ఇప్పుడు పెద్దావిడ ఒక్కతే మిగిలింది. దానికి పంతొమ్మిదేళ్ళు. మా అత్తగారు స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పేవారు. స్కూలువాళ్ళు ప్రయోగశాల మూసేసినప్పుడు, మినపగింజంత ఉన్న దాన్ని ఖాళీ మందుసీసాలో పెట్టుకుని ఇంటికి తెచ్చారట. అత్తగారు పోయి నాలుగేళ్ళు. ఆవిడని నేను చూడలేదు. పెద్దావిడని చూశాను.

“ఇంకో మాట కూడా చెప్పు,” అంది వదిన. కప్పు కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని, అన్నీ అయ్యాక అంది. “హాస్పిటల్ క్వార్టర్స్‌లో నాకు గది ఇచ్చారు. నాలుగింటికి కారొస్తుంది.”

ఈసారి ఆ మాట మోయడానికి నాకు నోరు రాలేదు.

వదిన హాస్పిటల్లో రక్తపరీక్షలకి రక్తం తీస్తుంది. అత్తగారు పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటిని నడిపింది తనే. గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో, మామయ్యగారి మాత్రల్లో ఏది ఏ పూటకో, మా ఆయన రెండో సాక్సు ఏ మూల నక్కిందో తెలిసిన మనిషి తనొక్కతే.

“అక్కా, ఏంటిది?” మా ఆయన ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా లోపలికొచ్చాడు.

“ఏముందిరా? మందు కొట్టే మనిషి ఇంట్లో లేకపోతే మిగిలినదైనా బతుకుతుందేమో!”

మామయ్యగారు లేచారు. టీ అలాగే ఉంది. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. గట్టిగా వేసినా బాగుండేది.

“నాలుగింటికి నేను రాలేనే,” అన్నాడు మా ఆయన నా చెవిలో. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడో పదకొండో అంతస్తు దగ్గర ముగ్గురు ఇరుక్కుని ఉన్నారట, అప్పటికే రెండుసార్లు ఫోనొచ్చింది. “పిచ్చుకా, నువ్వే ఎలాగైనా అక్కని ఆపు.”

“నేనెలా ఆపను?”

“ఏదో ఒకటి వాగు. నువ్వు వాగుతుంటే ఎవరికీ కదలడానికి సందు దొరకదు.”

మామూలుగా అయితే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఇవాళ, “జాగ్రత్తగా వెళ్ళు,” అని ఊరుకున్నాను. అతను ఆగి నా ముఖంలోకి చూశాడు.

“ఏమైంది?”

“ఏం కాలేదు. బూటు వేసుకో.”

పెళ్ళయి నూట పన్నెండు రోజులు. లెక్కపెడుతున్నానని ఎవరితోనూ అనకండి. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు, నాకోసం కొత్తగా చేయించిన తాళంచెవి, మెట్లెక్కే ఇంతమంది అడుగుల్లో అతని అడుగులు విడిగా తెలిసిపోవడం, వీటికే నాకు నవ్వాగదు. పొద్దున కళ్ళు తెరవగానే ఆ నవ్వు వస్తుంది. తర్వాత ఇంట్లో సంగతి గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఈ నూట పన్నెండు రోజుల్లో అతని దగ్గర నేను దాచింది ఒక్కటే. నిన్న సాయంత్రం నుంచి మా గది అలమరలో, స్వెట్టర్ల వెనక, మూత బిగించిన ఒక చిన్న డబ్బాలో ఉంది.

*

నేను మొక్కల నర్సరీలో పని చేస్తాను. కుండీల్లోకి మట్టి కలపడం, నాచు పరచడం, చెట్టు బెరడు ముక్కల మీద ఫెర్న్‌లు కట్టడం నా పని. మూడు వారాల కిందట మామయ్యగారి పుట్టినరోజుకి ఏమివ్వాలో తోచక, మూడు గాజుపెట్టెల్లోకీ మూడు బెరడు ముక్కలు తెచ్చాను. ఒక్కోదాని మీద నాచు పచ్చగా, తడిగా, ముట్టుకుంటే పిల్లి వీపులా మెత్తగా ఉంది.

మామయ్యగారు నాచు మీద అరచేత్తో మెల్లగా నిమిరారు. తర్వాత, “మీ అత్తయ్య ఉంటే నిన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేది,” అన్నారు. ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మా నర్సరీలో ఒక నియమం ఉంది. పనిలో చేరిన మొదటి రోజే చెప్తారు. షెడ్డు వెనక గుట్టలో ఉన్న బెరడు, వేడి పెట్టెలో ఆరు గంటలు పెట్టకుండా గేటు దాటకూడదు. అందులో ఉన్న పురుగూ గుడ్డూ అన్నీ చచ్చాకే బయటికి పోవాలి. కానీ వేడి తగిలితే నాచు మాడి టీపొడి రంగుకి వచ్చేస్తుంది. నాకేమో ఆ పచ్చదనమే కావాలి. మూడు ముక్కలకి ఏమవుతుందిలే అనుకున్నాను.

చిట్టి పోయినప్పుడు దాని నోటి దగ్గర ఉప్పు చల్లినట్టు తెల్లగా ఏదో కనిపించింది. చచ్చాక పట్టిన పురుగులేలే అన్నారు మామయ్యగారు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కానీ మొన్న, సోమరి ఇంకా బతికుండగానే, తాగినదానిలా తూలుతూ, ముందుకాళ్ళు టకటకా కొట్టుకుంటూ నడిచింది. దాని నోటి దగ్గరా అదే తెలుపు. జిగురు టేపుకి నాలుగు చుక్కలు అంటించుకుని నిన్న పనికి తీసుకెళ్ళాను.

మా మేడం భూతద్దం కింద పెట్టి ఒక్క చూపు చూసింది.

“నల్లి. మన గుట్టలోదే. ఎక్కడ దొరికింది?”

మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల దగ్గర మేం రోజూ చూసే రకం. ఎక్కడ దొరికిందో చెప్పాను. మేడం దేనికైనా కేకలేసే మనిషి. నిన్న కేకలేయలేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

“ఇదే చంపిందా మేడం?”

“నాకేం తెలుసు? ఇది కుళ్ళినవి తినే రకం. అయినా నోట్లో ఇంత గుంపు చేరితే ఏ ప్రాణి తట్టుకుంటుంది? మీ వదిన కొట్టిన మందుకి నీరసపడితే ఇవి చేరాయో, ఇవి చేరాకే నీరసపడ్డాయో! నేను మొక్కలదాన్ని. పశువుల డాక్టర్ని అడగకపోయావా?”

“అడిగాం. తీసుకురండి గానీ నేను కుర్చీ ఎక్కి నిలబడి చూస్తానన్నాడు.”

మేడం నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. నల్లిని తినే నల్లి. ఫెర్న్‌లకి తెగులు పడితే మేం చల్లేది అదే. పొట్టులో కలిపి ఉంటుంది. దగ్గరగా చూస్తే గోధుమరంగు నలుసులు పరుగులు పెడుతుంటాయి.

“ఇవి పెద్ద ప్రాణి జోలికి పోవు. ఆ తెల్లవాటిని తిని, తిండి అయిపోయాక అవే పోతాయి. రేపో ఎల్లుండో వాడెయ్యాలి, ఆపైన డబ్బాలోనే చస్తాయి. కానీ విను,” అంది మేడం, డబ్బా నా చేతికిస్తూ. “ఆ పెద్దాయనకి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆయన సరేనంటేనే వెయ్యి. ఆయనకి తెలియకుండా ఆ పెట్టెల్లో నువ్వు పెట్టింది చాలు.”

ఇంటికొస్తూ దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. తలుపు తీయగానే మామయ్యగారు, “వచ్చావా తల్లీ? నీకోసమే టీ పెట్టకుండా ఆగాను,” అన్నారు. పేర్చుకున్నవన్నీ కుప్పకూలిపోయాయి.

బెరడు ముక్కలు మాత్రం ‘కడిగి పెడతా’నని మూడూ తీసుకెళ్ళి, సంచిలో మూతికట్టి, వీధి చివర చెత్తడబ్బాలో పడేసి వచ్చాను.

*

“తల్లీ, ఒకసారి ఇలా రా.”

మామయ్యగారు పిలిచేసరికి రెండవుతోంది. మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. వదిన గదిలోంచి బీరువా తలుపుల చప్పుడు, హేంగర్ల చప్పుడు ఆగి ఆగి వస్తున్నాయి.

ఆయన నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. గదిలో కిటికీ పక్కన ఆ పని బల్ల ఇంకా అలాగే ఉంది. చేతులు మాత్రం రెండేళ్ళుగా మాట వినడం లేదు. సోమరిని ఒక గడియారం పెట్టెలో దూది మీద పడుకోబెట్టారు. మూత పక్కన పెట్టుకుని కూర్చున్నారు గానీ వెయ్యలేదు.

పెద్దావిడని గాజుపెట్టెలోంచి తీసి, తెల్లకాగితం పరిచిన ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చారు. నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దగ్గర నారింజరంగు పట్టీలు. కొత్తలో నేను దాన్ని చూసి, “అబ్బ, ఎంత ముస్తాబో!” అంటే మామయ్యగారు వారం రోజులు తలుచుకుని నవ్వుకున్నారు.

“ఇది పెట్టుకుని చూడు,” అని కంటికి తగిలించుకునే భూతద్దం నాకిచ్చారు. “కోరల మధ్య.”

చూశాను. తెల్లచుక్కలు. కదులుతున్నాయి.

“చచ్చాక పట్టేవనుకున్నాను ఇన్నాళ్ళూ,” అన్నారు. “ఇది బతికే ఉంది.”

నేను భూతద్దాన్ని కంటికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

“బ్రష్‌తో తీసేద్దాం. నా చెయ్యి సంగతి చూస్తున్నావుగా. నువ్వు పట్టుకో, ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను.”

గడియారాలకి నూనె అద్దే బ్రష్ అది. గట్టిగా నాలుగు వెంట్రుకలుంటాయి. కొసకి చిటికెడు వేజలీన్ రాసి నా చేతిలో పెట్టారు.

“ఊపిరి పీల్చు. సగం వదులు. మిగతా సగం బిగబట్టి, అప్పుడు చెయ్యి పెట్టు. చిన్న చక్రాలు కూర్చేటప్పుడు మేం అలాగే చేస్తాం.”

మామూలుగా అయితే బ్రష్ చూపిస్తే చాలు, పెద్దావిడ ముందుకాళ్ళు రెండూ పైకెత్తి ‘రా, చూసుకుందాం’ అన్నట్టు నిలబడేది. ఇంకా కోపమొస్తే వెనక కాలితో పొట్ట మీది నూగు గీకి మన మీదకి విసిరేది. అది తగిలితే రెండు రోజులు దురద. వదిన మోచేతి మీద ఎర్రమచ్చలు దాని చలవే. ఇవాళ కాళ్ళెత్తలేదు. నూగు విసరలేదు. బ్రష్‌ని నోటిదాకా రానిచ్చింది.

“కొట్టు,” అన్నారు మామయ్యగారు దానితో, మెల్లగా. “ఒక్కసారి కొట్టవే.”

అది కదల్లేదు.

ఒక్కో చుక్కనీ బ్రష్‌కి అంటించి తడికాగితానికి తుడుస్తున్నాను. ఆయన ఇంకో భూతద్దం పట్టుకుని నా భుజం మీంచి చూస్తున్నారు. ఆయన ఊపిరి నా చెవికి వెచ్చగా తగులుతోంది.

“వింటున్నావా ఆ చప్పుళ్ళు?” అన్నారు. “వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అది ఏడవలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంది. అమ్మ తనకన్నా వీటినే ఎక్కువ చూసిందని దానికి చిన్నప్పట్నుంచీ కడుపులో ఉంది. ఇప్పటికి కసి తీర్చుకుంది.”

“వదిన అలాంటిది కాదు మామయ్యగారూ.”

“నీకు అందరూ మంచివాళ్ళే. నువ్వొచ్చాకే ఈ గదిలోకి ఒక మనిషి నవ్వుతూ రావడం. ఆ బెరడు పెట్టిన రోజు ఇది దాన్ని కావలించుకుని ఎంతసేపు కూర్చుందని! కడిగేశావుగా? దీని పని అవగానే మళ్ళీ పెట్టేద్దాం. దానికి హాయిగా ఉంటుంది.”

పక్కగదిలో సూట్‌కేసు జిప్పు చర్రున సగందాకా వెళ్ళి ఇరుక్కుంది. “ఛీ, దీని మొహం మండ,” అంది వదిన దానితో. ఆ తిట్టులో ఏడుపు ఉంది.

“మామయ్యగారూ, నల్లి ఆ బెరడులోంచే వచ్చింది.”

“చెయ్యి కదపకు. ఎడమ కోర కింద ఇంకో రెండున్నాయి.”

ఆ రెండూ తీశాను. తీస్తూనే చెప్పాను. చెయ్యి కదిలితే ఏడుస్తానని, చెయ్యి కదపకుండా చెప్పాను.

“ఇవి మా నర్సరీ గుట్టలోవి. నిన్న మేడం చూసి చెప్పింది. చీమల మందు కొట్టకపోయినా ఇవి పట్టేవే. ముక్కలు నేను కడగలేదు మామయ్యగారూ. మీరు చూస్తారేమోనని పారేసి వచ్చాను.”

ఆయన నా భుజం వెనక నుంచి తప్పుకుని స్టూలు మీద కూర్చున్నారు. భూతద్దం ఒత్తుకున్న చోట కంటి చుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు పడింది.

“మీ దగ్గర అమ్మేవన్నీ ఇలాగే ఉంటాయా?”

“లేదు. ఆరు గంటలు వేడి పెట్టి అమ్ముతాం.”

“వీటికి పెట్టలేదా?”

“పెట్టలేదు.”

“పెట్టాలని నీకు తెలియదా?”

అప్పుడు నాకొక చిన్న సందు కనిపించింది. తెలియదు అంటే చాలు. పాపం కొత్తపిల్ల, ముచ్చటపడి తెచ్చింది, దానికేం తెలుసు అని ఆయనే నా కళ్ళు తుడిచేవారు. మా ఆయన ఇంటికొచ్చి నా వైపు మాట్లాడేవాడు. వదిన కూడా రెండు తిట్టి వదిలేసేది.

“తెలుసు,” అన్నాను. “వేడి పెడితే నాచు మాడిపోతుందని పెట్టలేదు.”

“నాచు,” అన్నారు మామయ్యగారు. అదేదో కొత్త మాటైనట్టు ఇంకోసారి కూడా అన్నారు. “నాచు.”

కేకలేస్తారని చూశాను. ఆయన గడియారం పెట్టె మూత తీసుకుని సోమరి మీద వేశారు. చేతులు వణికి అది రెండుసార్లు పక్కకి జారింది. సాయం చెయ్యబోతే మోచేత్తో అడ్డుకున్నారు. మూడోసారికి పడింది.

“బ్రష్ కింద పెట్టు.”

పెట్టాను.

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళారు. “అమ్మడూ,” అని పిలిచారు.

పక్కగదిలో చప్పుళ్ళు ఆగిపోయాయి.

“పిల్లా, మీ మామయ్యగారు ఎవరినో పిలుస్తున్నారు, చూడు,” అంది వదిన లోపల్నుంచి.

“నిన్నేనే. నీ చెయ్యి కావాలి.”

వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు రేగిపోయి, వేలు జిప్పులో నలిగి ఎర్రగా కందిపోయి ఉంది. నన్నూ, బ్రష్‌నీ, తండ్రినీ చూసింది.

“బెరడులోంచి వచ్చాయట ఈ పురుగులు,” అన్నారు మామయ్యగారు నేలకేసి చూస్తూ.

వదిన నావైపు తిరిగింది. “నీకెప్పుడు తెలిసింది?”

“నిన్న.”

“నిన్న!” అంది. “పొద్దున నా మాటలు ఆయనకి, ఆయన మాటలు నాకు మోశావు కదా. ఇదొక్కటే బరువైపోయిందా నీకు?”

రోజంతా గలగల్లాడే దాన్ని కుక్కిన పేనులా నిలబడ్డాను.

“అమ్మడూ, నేను నిన్ను—”

“మీరేం అనకండి నాన్నా. మందు కొట్టింది నేనే. కిటికీ తెరవడం మర్చిపోయిందీ నేనే. ఏది చంపిందో మీ పెద్దావిడకే తెలియాలి.” హ్యాండ్‌బ్యాగులోంచి గ్లవ్స్ తీసి టప్పున తొడుక్కుంది. “జరుగు పిల్లా.”

జరిగాను. వదిన నా కుర్చీలో కూర్చుంది.

ఇన్నేళ్ళలో తను ఆ సాలీడుని ముట్టుకోవడం అదే మొదలట. ముఖం చిట్లించింది గానీ చెయ్యి వణకలేదు. పురిటి గదిలో పిడికెడంత బిడ్డకి ఒక్క గుచ్చుకే రక్తం తీసే చెయ్యి అది. నేను పది నిమిషాలకి ఒకటి తీస్తే తను ఊపిరికొకటి తీస్తోంది. మామయ్యగారు ఏమీ నేర్పలేదు. దీపం మాత్రం ఎటు కావాలంటే అటు తిప్పుతున్నారు.

కాసేపటికి వదిన ఆగింది. “తీసినకొద్దీ వస్తున్నాయి నాన్నా. లోపలున్నాయి. బ్రష్‌తో అయ్యే పని కాదిది.”

నేను పరుగెత్తాను. స్వెట్టర్లు కింద పడుతున్నా చూసుకోకుండా డబ్బా లాగి తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడం చెప్పిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

వదిన నన్ను పైనుంచి కిందకి చూసింది. “పురుగులు పోవడానికి ఇంకిన్ని పురుగులా? నీ బుర్రలో ఏముంది పిల్లా, ఈ పొట్టేనా?”

“మేం ఫెర్న్‌లకి వేస్తాం వదినా. నిజం. పనిచేస్తుంది.”

“వద్దు,” అన్నారు మామయ్యగారు. “ఆ నర్సరీ నుంచి వచ్చింది ఏదీ ఇక దీని మీద పడదు.”

“మామయ్యగారూ, రేపు దాటితే ఇవి డబ్బాలోనే చచ్చిపోతాయి. పెద్దావిడకి ఇంకో దారి—”

“నువ్వు బయటికి వెళ్ళు.”

కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. చివర్న ‘తల్లీ’ అన్నది లేదు. ఇంకో క్షణం ఆగాను, మర్చిపోయారేమో, అంటారేమోనని.

వెళ్ళిపోతూ వెనక్కి చూశాను. వదిన డబ్బాని చేతిలో తిప్పుతూ, హాస్పిటల్లో రక్తం సీసాల మీద పేర్లు చదివినట్టు, దాని మీది అక్షరాలు వేలుపెట్టి చదువుతోంది. తర్వాత తలుపు మూసుకుంది.

*

నడవాలో వదిన సూట్‌కేసు పక్కన నిలబడ్డాను. ఇరుక్కున్న జిప్పులోంచి ఒక చొక్కా చెయ్యి బయటికి వేలాడుతోంది. దాన్ని లోపలికి తోయాలో, బయటికి లాగాలో తెలియలేదు.

తలుపు అవతల మాటలు మొదలయ్యాయి. ఏమంటున్నారో తెలియడం లేదు. గొంతులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆయనది కాసేపు, తనది కాసేపు, మధ్యలో ఎవరూ లేకుండా. ఒకచోట వదిన గొంతు హెచ్చింది. ఒకచోట ఆయన దగ్గు లాంటిదేదో వచ్చింది, నవ్వో ఏడుపో. తొమ్మిది రోజుల తర్వాత ఈ ఇంట్లో ఆ రెండు గొంతులూ ఎదురెదురుగా కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. వాళ్ళకి నేనిప్పుడు అవసరం లేదు.

ఫోన్ మోగింది. మా ఆయన.

“లిఫ్టు ఇప్పటికి కదిలింది. ముగ్గురినీ మాత్రం పొద్దునే బయటికి తీశాం. అందులో ఒకావిడ నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. అక్క ఆగిందా?”

“ఆగినట్టే ఉంది. ఇంకా కారు రాలేదు.”

“కారు రాకముందే ఆగిందా? ఏం వాగావు?”

“నిజం,” అన్నాను.

“పిచ్చుకా, ఏడుస్తున్నావా?”

“ఏమండీ, త్వరగా ఇంటికి రండి,” అన్నాను. నేనెప్పుడూ అతన్ని ఏమండీ అనను. అతను ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాడు.

కింద వీధిలో కారు హారన్ మోగింది. ఒకసారి, ఆగి, ఇంకోసారి. కిటికీలోంచి చూస్తే డ్రైవరు తలెత్తి అంతస్తులు లెక్కపెడుతున్నాడు. వదినకి చెప్పాలి. తలుపు దగ్గరికి వెళ్ళి వేళ్ళు ముడిచి చెయ్యెత్తాను.

అప్పుడే లోపల మాటలు ఆగిపోయాయి.

కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడు. ఏదో డబ్బా మూత. నేనిచ్చిన నల్లుల డబ్బాదో, సోమరిని పడుకోబెట్టినలాంటి ఇంకో గడియారం పెట్టెదో తెలియలేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మళ్ళీ హారన్ మోగింది.

చాలాసేపటికి వదిన గొంతు వినిపించింది. సూది గుచ్చే ముందు పసిబిడ్డల తల్లులతో మాట్లాడే గొంతు అది. అంత మెత్తగా ఆ ఇంట్లో తను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“నాన్నా, మీరు ఇటు చూడకండి.”